దుబాయి పోయేటోళ్ల ఊరికి బస్సెందుకు?

బోరిగుట్టపల్లెలో నా మాట నమ్మేవాళ్లు ముగ్గురుండేవారు. ఒకాయన కాలం చేశాడు. ఇంకొకాయనకు చెవుడొచ్చింది. మూడోవాడు నా కొడుకు ఫిరోజ్. వాడు దమ్మామ్‌లో ఏసీలు బిగించే పని చేస్తాడు. అంత దూరం నుంచి ఆరా తీసే వీల్లేదు గనక నమ్ముతాడు.

నా పేరు లతీఫుద్దీన్. ఊళ్లో బస్సు ఆగేచోట నాకు పంక్చర్ దుకాణం ఉంది. పొద్దున్నే కోరుట్లలో బయల్దేరిన బస్సు మా ఊరి మీదుగా రుద్రంగి, వేములవాడ దాటి సిరిసిల్లకు పోతుంది. పొద్దుగూకే వేళకు అదే దారిన తిరిగొస్తుంది. బస్సు కోసం నిలబడ్డవాళ్లకు పొద్దుపోవాలి కదా, నేను కతలు చెప్తుంటాను. గుట్ట మీది చిరుతపులి నా సైకిల్ క్యారేజీ ఎక్కి రుద్రంగి దాకా వచ్చిందనీ, దిగేటప్పుడు కిరాయి అడిగితే గుర్రుమన్నదనీ చెప్తే ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేవారు.

"పులి ఎట్ల కూసున్నది చిచ్చా? ఒక దిక్కుకా, రెండు దిక్కులకా?" అని లీల అడిగేది. లీల మా పక్కింటి జలపతి కోడలు.

"ఆడపులి బిడ్డా. ఒక దిక్కుకే కూసున్నది" అనేవాణ్ని.

ఆ ఎండాకాలం వచ్చిన భయం ముందు మాత్రం నా కతలేవీ నిలబడలేదు.

ఆ బస్సులో రోజూ లీలతోపాటు మా కోడలు అల్ఫియా కూడా సిరిసిల్లకు పోతుంది. అక్కడొక బట్టలు కుట్టే కంపెనీలో చొక్కాలకు కాలర్లు వేస్తుంది. ఈ సంగతి ఊరికంతా తెలుసు, ఫిరోజ్‌కు తప్ప. పోయేటప్పుడు వాడు పెళ్లానికి ఒక్కటే మాట చెప్పాడు. "నేను పంపిస్త, నువ్వు ఇంట్లనే ఉండు." ఏడాది ఉంది. ఒకరోజు నా దగ్గరికొచ్చి, "అబ్బా" అంది. మాలో నాన్నను అలా పిలుస్తారు. "అబ్బా, నాలుగు గోడలు సూసి సూసి నాకు గోడలతోని మాట్లాడుడు అలవాటైతున్నది. మొన్న ఒక గోడ జవాబు గూడ చెప్పింది. నన్ను పనికి పోనియ్యి."

ఇంత మంచి అబద్ధం ఆడగలిగిన పిల్లకు అడ్డం చెప్పడానికి నాకు నోరు రాలేదు. అప్పట్నించీ ఫిరోజ్ పగటిపూట ఫోన్ చేసినప్పుడల్లా జవాబు నాది. కోడలు స్నానానికి పోయింది, బర్రె తప్పిపోతే వెతకడానికి పోయింది, మా చెల్లెలికి కడుపునొస్తే చూడబోయింది. మా చెల్లెలికి ఆ ఏడాది వచ్చినన్ని కడుపునొప్పులు జిల్లా మొత్తానికీ వచ్చుండవు.

మా ఇంట్లో మాటలు ఉర్దూలో నడుస్తాయి. మీ కోసం ఊరి తెలుగులోకి దించుతున్నాను. ఉప్పు కొంచెం తగ్గితే సర్దుకోండి.

*

సర్వే పిల్లలు వచ్చింది రంజాన్ నెలలో. నేను రోజా ఉపవాసం ఉండి, ఉమ్మి కూడా మింగకుండా దుకాణంలో కూర్చున్నాను. మెడలో కార్డు, చేతిలో ట్యాబు పట్టుకుని దివాకర్ అనే పిల్లవాడు మోటార్‌సైకిల్ దిగాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడింటినీ కలిపి పెద్ద ప్లాను గీస్తున్నారట. ఏ ఊరివాళ్లు ఎక్కడికి పోతారో తెలిస్తే ఆ దారిన కరెంటు బస్సులు వేస్తారట. బండ్లు తగ్గుతాయి, పొగ తగ్గుతుంది, ఇండ్లూ దుకాణాలూ బస్సు ఆగేచోట్ల దగ్గర్నే పెరుగుతాయి. వింటే బాగానే ఉంది.

అతను ఊళ్లోకి పోకముందే జలపతి ఊరంతా ఒక చుట్టు తిరిగొచ్చాడు. జలపతికి పసుపు చేను ఉంది, దుబాయిలో కొడుకు దేవేందర్ ఉన్నాడు. వాటన్నిటికంటే పెద్దది భయం ఉంది.

"లతీఫన్నా, ఇనుండ్రి. గీ పోరగాళ్లు బస్సుల కోసం వచ్చినోళ్లు కాదు. ఇంట్ల ఆడోళ్లు గూడ సంపాయిస్తున్నరని తెలిస్తే పింఛన్లు కోస్తరట, రేషన్ కార్డులు తీస్తరట. మా అవ్వ పింఛన్ పాయె, మీ ఇంటామె వహీదమ్మ బీడీల పింఛన్ పాయె. సంపాయించేది మొగోళ్లే, గాళ్లు దుబాయిల ఉన్నరు. గంతే చెప్పాలె."

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఎవలన్న చెప్పాల్నా? గట్లనే ఉంటది."

ఈ మాట మా ఊరిలో గాలికంటే ముందు తిరుగుతుంది. ఎవరూ చెప్పలేదు, గట్లనే ఉంటది. దివాకర్ ఇంటింటికీ తిరిగాడు. ట్యాబులో ప్రశ్న ఒక్కటే: ఇంట్లో సంపాదించే మనిషి పనికి ఎక్కడికి పోతాడు? గడప గడపకూ ఒక్కటే జవాబు. దుబాయి. మస్కట్. దమ్మామ్. దోహా. లీల పనినుంచి వచ్చి, కాళ్లకు సిరిసిల్ల దుమ్ము ఉండగానే, "మా ఆయన దుబాయిల ఉంటడు సార్. నేనా? నేనేం పని చేస్త, ఇంట్లనే ఉంట" అంది. మా ఇంట్లో నా భార్య వహీదాబీ అడక్కముందే "దమ్మామ్" అని తలుపు వేసేసింది.

తిరిగొచ్చి దివాకర్ నా దుకాణం ముందు నీళ్లు తాగుతుంటే ఊరుకోలేక అన్నాను. "మా ఊరోళ్లకు పని దుబాయిలనే సారూ. పొద్దుగాల సద్ది గట్టుకోని పోతరు, రెండేండ్లకు పొద్దుగూకంగ వస్తరు."

అతను నవ్వలేదు. ట్యాబు మీద వేలు కదిపాడు. రోజా నాడు హాస్యమాడితే పుణ్యం తగ్గుతుందని మా వహీదా చెప్తూనే ఉంటుంది.

*

పండగైపోయి ఎండలు ముదిరాక జలపతి చేను మీద చిన్న విమానం లాంటిది తిరిగింది. తుమ్మెద చప్పుడు చేస్తూ ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు పోయి, మళ్లీ వచ్చి, జలపతి తలమీద కాసేపు నిలబడింది. ఆయన చేతిలో పసుపు కొమ్ముల గంప అట్లాగే ఉండిపోయింది. మర్నాడు ఎవరో వచ్చి చేను నడుమనుంచి వరసగా తెల్లరాళ్లు పాతారు. ఒక్కో రాయికీ ఎర్ర బొట్టు.

అప్పట్నించి ఊళ్లో అందరికీ రాళ్ల కలలే. ఎవరింటి ముందు బండి ఆగినా లోపలివాళ్లు దీపం తగ్గించేవారు. పిల్లలు ఎర్ర రంగు బంతి తెస్తే ముసలమ్మలు దాన్ని పెంటమీదికి విసిరేశారు. నర్సన్న అనే ఆయన ఇంటి ముందు తులసికోటకు ఎర్రమన్ను పూత ఉంటే రాత్రికి రాత్రి సున్నం కొట్టేశాడు. నవ్వాల్సిన సంగతే. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి చూస్తే మా వహీదా గోడమీది పాన్ ఉమ్మి మరకను రాయి పెట్టి గీకుతోంది.

"అది ఉమ్మినోన్ని నేనేనే. సర్కారు గాదు."

"ఎవలదైతే ఏంది, ఎర్రగున్నది గద" అంది. గీకడం ఆపలేదు. నేను కూడా ఒక రాయి తీసుకున్నాను.

తర్వాత పంచాయతీ గోడకు పటం అతికించారు. గోడంత పటం. దివాకర్ పక్కన నిలబడి అడిగినవాళ్లకు చెప్తున్నాడు. ఆకుపచ్చ రంగు చేన్లు, పసుపు రంగు ఇండ్లు, నీలం గీతలు బస్సులు. జగిత్యాల నుంచి కోరుట్లకు నీలం, కోరుట్ల నుంచి సిరిసిల్లకు నీలం. కానీ అది మా ఊరి మీదుగా కాదు, గుట్ట అవతల పెద్ద రోడ్డు మీదుగా. మా ఊరి నుంచి మాత్రం నా బొటనవేలంత లావు గీత ఒకటి జలపతి చేను నడుమనుంచి దక్షిణానికి తిరిగి, పటం అంచు దాటి పోయింది.

"గదేంది సారూ?" అన్నాడు జలపతి. 

"హైదరాబాద్ ఎయిర్‌పోర్టు రోడ్డు. మీ ఊరోళ్లంత పనికి పోయేది గా దిక్కే గదా. ప్రతి ఇంటికి ఒకరు. గింత డిమాండ్ ఉన్న ఊరు ఈ మూడు పట్నాల నడుమ ఇంకోటి లేదు."

"మరి సిరిసిల్ల బస్సో?" లీల వెనకనుంచి అడిగింది.

"సిరిసిల్లకు మీ ఊరినుంచి పోయేటోళ్లు ఎవరు లేరమ్మా. సున్న వచ్చింది. ఖాళీ బస్సు తిరిగితే డీజిలు దండుగ, పొగ దండుగ. వచ్చే వారంనుంచి పెద్ద రోడ్డు మీదికెల్లి తిప్పి చూస్తరు. దుబాయి పోయేటోళ్ల ఊరికి సిరిసిల్ల బస్సెందుకు?"

గాలికి పటం కొస చప్పుడు చేస్తోంది. అల్ఫియా నా వెనకే నిలబడి ఉంది. ఆమె ఊపిరి నాకు వినపడింది.

దివాకర్ చెడ్డవాడేం కాదు. మేం చెప్పిందే గీశాడు.

*

బస్సు రాని మొదటిరోజు నేను అలవాటు కొద్దీ దుకాణం తెరిచాను. ఆడవాళ్లు నిలబడే వేపచెట్టు నీడలో కుక్క ఒకటి పడుకుంది. అల్ఫియా, లీల అప్పటికే ట్రాలీ ఆటోలో గుట్ట చుట్టు తిరిగి పెద్ద రోడ్డుకు పోయారు. మిరపకాయ బస్తాల మీద కూర్చుని, ఒక చేత్తో తాడు, ఒక చేత్తో సద్ది పట్టుకుని. పోను సరే. సాయంత్రం ఆ దారికి ట్రాలీలు రావు. గుట్ట మీది బండి బాటన నడిచి రావాలి.

"మానుకోరాదు బిడ్డా?" అని వహీదా కోడల్ని రోజూ అడిగేది.

"మానుకుంటే మళ్ల రానియ్యరమ్మీ. నా మిషను మీద వేరేటోళ్లు కూసుంటరు."

"ఫిరోజ్‌కు తెలిస్తేనో?"

 అల్ఫియా జొన్నరొట్టె గుడ్డలో చుట్టుకుని బయల్దేరేది. కాపలా ఉండాల్సిన అబద్ధం నాది గనక వహీదా నా దిక్కు చూసేది. నేను పైకప్పు దిక్కు చూసేవాణ్ని.

రోహిణి కార్తెలో ఒకరోజు మధ్యాహ్నం నుంచే ఉక్కపోత మొదలైంది. పొద్దు ఇంకా ఉండగానే గుట్ట వెనక ఆకాశం ఇటుకబట్టీ రంగుకు తిరిగింది. ఆ వెంటనే గాలిదుమారం. మా దుకాణం రేకు ఒకటి లేచి జలపతి ఇంటి మీద పడింది. కల్లంలో వడ్ల కుప్పల మీది పట్టాలు పిట్టల్లా ఎగిరిపోయాయి. కరెంటు పోయింది. ఊళ్లో ఎవరి దర్వాజా వాళ్లు మూసుకున్నారు. మా ఇంటిదొక్కటే తెరిచి ఉంది.

అల్ఫియా ఫోను మోగడం లేదు. లీల ఫోనూ అంతే.

"పోయి సూడుండ్రి" అంది వహీదా. అరవలేదు. అరిస్తే బాగుండేది.

నా టీవీఎస్ బండి తీసి గుట్ట ఎక్కాను. డెబ్బై దాటినవాణ్ని, కళ్లల్లో ఇసుక, ముందు చక్రం గాలికి పక్కకు పోతోంది. సగం ఎక్కాక బండి ఆగిపోయింది. ఊరందరి పంక్చర్లూ వేసినవాణ్ని, నా బండిలో పెట్రోలు చూసుకోలేదు. బండిని రాయికి ఆనించి నడిచాను. చీకటి ఇంకా పడలేదు గాని దుమ్ము వల్ల పది అడుగుల అవతల ఏమీ కనపడటం లేదు.

"అల్ఫియా!" అని అరిచాను. గాలి నా మాటను నా నోట్లోకే తోసింది.

అప్పుడు రాళ్ల మీద ఏదో కదిలింది. నిలబడిపోయాను. పసుపుపచ్చగా, వంగి, తోక లాంటిదేదో ఊపుతూ. ముప్పై ఏండ్లుగా నేనే పుట్టించి, నేనే పెంచి, నా సైకిల్ మీద తిప్పిన పులి. అది లేదని ఈ జిల్లాలో అందరికంటే నాకే బాగా తెలుసు. అయినా నా మోకాళ్లకు తెలియలేదు. నోటికొచ్చిన దువా చదువుకుంటూ ఆ రాళ్ల ముందు కూలబడ్డాను. అది ఎగిరొచ్చి నా మొహం మీద పడింది. వడ్ల పట్టా ముక్క.

ఆ క్షణంలోనే జేబులో ఫోను మోగింది. ఫిరోజ్.

ఎత్తకపోతే మళ్లీ చేస్తాడు, తర్వాత తల్లికి చేస్తాడు. ఎత్తాను.

"అబ్బా, గంత సప్పుడేంది?"

"గాలిరా. గాలి మస్తుగ వస్తున్నది."

"అల్ఫియా ఏది? ఫోన్ కలుస్తలేదు."

"ఆమె..." మా చెల్లెలి కడుపునొప్పి గుర్తుకు రాలేదు. బర్రె గుర్తుకు రాలేదు. "బట్టలు తీస్తున్నదిరా. దండెం మీదియి."

"నువ్వెందుకు గట్ల ఒగరుస్తున్నవ్?"

"నేను గూడ తీస్తున్న" అన్నాను. గుట్ట మీద ఒక్కణ్నే, పట్టా ముక్క చేతిలో పట్టుకుని.

ఫోను పెట్టేశాక కూడా నా చెవిలో వాడి గొంతే ఉంది. ఆ పిల్లకేమన్నా అయితే వాడికి ఏం చెప్పాలి? దండెం మీది బట్టలు తీస్తూ పోయిందనా?

వాన మొదలైంది. గుట్ట దిగే చోట వాగు మీద మోరీ, అంటే చిన్న కల్వర్టు, ఉంది. దాని కిందినుంచి ఎవరో మూలుగుతున్నట్టు వినపడింది. వంగి చూశాను. అల్ఫియా లీల తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లీల కాలిమీద చెట్టుకొమ్మ పడింది. కాలు వాచి కుండలా ఉంది. మోరీ లోపలికి నీళ్లు రావడం మొదలైంది. అల్ఫియా నన్ను చూసింది గాని ఏడవలేదు, పలకరించలేదు. "అబ్బా, ముందుగాల లీలను పట్టుకో" అంది.

ఇద్దరం కలిసి లీలను పైకి తెచ్చేసరికి మోరీ నిండింది. రాయికి ఆనించిన బండి మీద లీలను కూర్చోబెట్టి, తోసుకుంటూ ఊరు చేరాం. వహీదా కోడలి తల తుడుస్తూ, తుడిచిన చోటే మళ్లీ తుడుస్తూ కూర్చుంది.

*

లీల కాలికి పట్టీ కట్టించాక జలపతి మా ఇంటికొచ్చి గడపలో కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు.

"జగిత్యాలల మీటింగున్నదట లతీఫన్నా. ప్లాను మీద ఎవలకేమన్న ఉంటే చెప్పుకోవచ్చట. దివాకర్ ఫోన్ చేసిండు. పోయేటోళ్లే వచ్చి చెప్పాల్నట, ఎవలు పోతరు, యాడికి పోతరు. అప్పుడు మళ్ల లెక్క రాస్తరట."

"మరి పోనియ్యి లీలను, అల్ఫియాను."

"ఆడోళ్లెందుకు? మనం పోదాం. మనం చెప్తే సరిపోదా? పింఛన్ల ముచ్చట గూడ రానియ్యకుంట తెలివిగ చెప్దాం."

లోపలినుంచి అల్ఫియా వింటూనే ఉందని నాకు తెలుసు. ఆమె బయటికి రాలేదు. నేనూ పిలవలేదు. ఆ మీటింగుల్లో ప్రతివాడూ ఫోను పెట్టి వీడియో తీస్తాడు. జగిత్యాలలో తుమ్మితే దమ్మామ్‌లో వినపడే కాలం. మా కోరుట్ల దిక్కు పిల్లలు గల్ఫ్‌లో కూర్చుని చూసేవి ఈ లోకల్ వీడియోలే.

మగవాళ్లం డజను మంది వ్యాను ఎక్కి జగిత్యాల పోయాం. హాలు నిండా జనం. బల్ల వెనక ఒక మేడం. నెమ్మదిగానే మాట్లాడుతోంది. జలపతి వంతు వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, మా ఊరికి సిరిసిల్ల బస్సు కావాలె. పొద్దుకు, మాపుకు."

"సర్వేల మీ ఊరినుంచి సిరిసిల్లకు పోయేటోళ్లు ఎవరూ లేరని వచ్చింది. ఎవరు పోతరు?"

"మా... మా ఇండ్లల్లోళ్లు మేడం."

"ఎవరు? పేరు చెప్పండి. ఎందుకు పోతరు?"

జలపతి నా దిక్కు చూశాడు. నేను నర్సన్న దిక్కు చూశాను. నర్సన్న ఫ్యాను దిక్కు చూశాడు. ప్రతివాడూ పక్కవాడి కోడలి పేరు ముందు రావాలని ఎదురుచూశాడు. బల్ల పక్కన ఒక పిల్లవాడు ఫోను నిలువుగా పట్టుకుని మా మొహాలు తీస్తున్నాడు.  జీవితమంతా జరగనివి చెప్పినవాణ్ని, జరిగింది ఒక్కటి చెప్పమంటే నాలుక రాలేదు.

"ఎవరూ లేరా?" అంది మేడం, కాగితం తిప్పబోతూ.

"నేను పోత."

వెనక తలుపు దగ్గరినుంచి వచ్చింది ఆ మాట. అల్ఫియా. ఆ రోజుకు పని మానుకుని, ట్రాలీ ఎక్కి, కోరుట్లలో బస్సు పట్టుకుని వచ్చింది. దుపట్టా మీద దుమ్ము ఇంకా పోలేదు.

"నా పేరు అల్ఫియా. మా ఆయన ఫిరోజ్, దమ్మామ్‌ల ఉంటడు. నేను బోరిగుట్టపల్లెల ఉంట. రోజు సిరిసిల్లకు పనికి పోత. కాలర్లు కుడత. గీ బస్సుకే పోయేదాన్ని." ఆగింది. ఇంకేమన్నా చెప్పాలా అన్నట్టు చూసి, "గంతే" అంది.

ఫోను పట్టుకున్న పిల్లవాడు మా దిక్కునుంచి తిరిగి ఆమె మొహం మీదికి తిప్పాడు.

ఆమె పక్కన ఇంకొకరు నిలబడ్డారు. నల్ల బురఖా, చేతిలో చెప్పులు.  మా వహీదా.

"మీరెక్కడికి పోతరమ్మా?" అని అడిగింది మేడం.

"యాడికి పోను. కోడలు నిలవడ్డది గద, తోడు నిలవడ్డ."

మేడం తల వంచి ఏదో రాసుకుంది. ఒక నెల పాత దారినే బస్సు నడిపి చూస్తామంది. ఖాళీగా తిరిగితే మాత్రం మళ్లీ అడగొద్దంది. జలపతి చేనులో రాళ్ల సంగతి మళ్లీ కొలిపించి చూస్తామంది. చూస్తామంటే చూస్తారో లేదో ఆ మేడంకే తెలియాలి. వ్యానులో తిరిగొస్తూ మగవాళ్లం కిటికీల బయటి చేన్లు లెక్కపెట్టుకున్నాం. ఆడవాళ్లిద్దరూ వెనక సీట్లో కూర్చుని పల్లీలు తిన్నారు.

*

ఆ రాత్రి ఫిరోజ్ ఫోన్ చేయలేదు. మర్నాడూ చేయలేదు.

వీడియో వాడికి చేరిందని మాకు రెండోరోజే తెలిసింది. వాడితోపాటు గదిలో ఉండే మా దూరపు చుట్టం నవీద్ వాళ్లమ్మకు చెప్పాడట. "ఫిరోజ్ భాయ్ సూసిండు. ఏమనలే. అన్నం తినకుంట పండుకున్నడు." ఏదన్నా అన్నాడని చెప్పినా భయం ఇంత ఉండేది కాదు. ఏమనలేదు అన్న మాట మా ఇంట్లో నాలుగు మూలలా కూర్చుంది. బక్రీద్ వచ్చింది, పోయింది. వాడు లేని బక్రీద్‌లు మాకు కొత్త కాదు, వాడి గొంతు లేని బక్రీద్ కొత్త. వాడు పెళ్లాంతో తెగతెంపులు చేసుకుంటే అల్ఫియా ఏమవుతుంది? "పుట్టింటికి పంపుండ్రి" అంటే నేనేం చేయాలి? ముసలితనంలో ఎటు నిలబడాలో తెలియక నేను దుకాణంలోనే పడుకోవడం మొదలుపెట్టాను. ఫోనును గ్లాసులో నిలబెట్టి దాన్నే చూస్తూ ఉండేవాణ్ని. అది మోగితే భయం, మోగకపోతే భయం.

అల్ఫియా మాత్రం బస్సు వచ్చేదాకా పనికి పోవడం ఆపి, చొక్కా గుడ్డ ముక్కలు ముందేసుకుని ఇంట్లో కాలర్లు కుట్టేది. ఒకరోజు, "మిషను మీద వేరేటోళ్లు కూసున్నరట. బస్సు రాంగనే లేపిస్త" అంది. అన్నాక లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

మృగశిర కార్తెలో తొలి వాన పడ్డ మర్నాడు బస్సు వచ్చింది.

తెల్లారకముందే బస్సు ఆగేచోట ఊరు ఊరంతా ఉంది. ఖాళీగా తిరిగితే మళ్లీ పోతుందన్న భయంతో పని ఉన్నవాళ్లూ లేనివాళ్లూ వచ్చేశారు. బీడీల కార్ఖానాకు పోయేవాళ్లు, పన్ను పీకించుకునేవాళ్లు, వేములవాడలో మొక్కు గుర్తుకొచ్చినవాళ్లు. లీల కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. జలపతి వాళ్ల ముసలవ్వ పింఛన్ పోతుందని వణుకుతూనే, కొత్త చీర కట్టుకుని ముందు వరసలో నిలబడింది.

"యాడికవ్వా?" అన్నాను.

"నాకేమెరుక? ఎక్కుమన్నరు, ఎక్కుతున్న" అంది.

బస్సు ఆగింది. తోసుకున్నారు. అల్ఫియా మెట్టు మీద కాలు పెట్టిన సమయానికి నా గ్లాసులో ఫోను మోగింది.

ఫిరోజ్. వీడియో కాల్. వాడి మొహం నిండా గడ్డం పెరిగింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను ఫోను పట్టుకుని బస్సు దాకా పరిగెత్తాను. నా వయసులో దాన్ని పరుగని నేనొక్కణ్నే అంటాను. అల్ఫియా నన్ను చూసింది, ఫోనులో మొగుణ్ని చూసింది.  ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేలమీద. వెనకనుంచి జనం నెడుతున్నారు. కండక్టరు రైట్ రైట్ అంటున్నాడు.

ఆమె నేలమీది కాలు పైకి తీసుకుంది.

బస్సు కదిలింది. దుమ్ము లేవలేదు, వాన పడి ఉంది గనక. ఒట్టి డీజిలు పొగ నా మొహాన కొట్టింది.

"అబ్బా" అన్నాడు ఫిరోజ్. "అల్ఫియా ఏది?"

అబద్ధాలన్నీ వరసగా వచ్చి నా నాలుక చివర నిలబడ్డాయి. స్నానం, బర్రె, దండెం మీది బట్టలు. ఫోను మీద రెండో చెయ్యి కూడా వేశాను.

"పనికి పోయిందిరా. సిరిసిల్లకు. బస్సుల."

 అటువైపు ఎక్కడో ఏసీ మిషను తిరుగుతున్న హోరు. వాడు కళ్లు దించుకున్నాడు. నేను వాడి నడినెత్తిని చూస్తూ నిలబడ్డాను. బస్సు గుట్ట మలుపు దాకా పోయింది. వాడు ఇంకా తల ఎత్తలేదు. నేను కట్ చేయలేదు, వాడూ చేయలేదు.

అప్పుడు తల ఎత్తి అడిగాడు. "సీటు దొరికిందా?"

"యాడి సీటురా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "నిలవడేటందుకే జాగ లేదు."